చాటకు తగలని కాలు

గోర్లు తీయాలి, ముందు ఆ బొటనవేలి గోరు, పచ్చబడి, మందమై, కొసకు వంకర తిరిగి, దాని కింద నల్లటి మట్టి, మంచాన పడ్డ మనిషి కాలికి మట్టి ఎక్కడినుంచి వస్తుంది, అంటే ఇది ఆయన తిరిగిన రోజుల మట్టే, సాంచాల షెడ్డుదో, మందు దుకాణం ముందరిదో, అనుకుంటూ నర్మద తడిబట్ట పట్టుకొని మొహం పక్కకు తిప్పుకుంది, తుడవాలి మరి, పాదం నుంచి తొడ దాకా శుభ్రంగా తుడిచి ఆరబెడితే తప్ప ప్యాడ్లు అంటుకోవని ఆ ఫిజియో పిల్ల బ్లెస్సీ మరీ మరీ చెప్పింది, కరీంనగర్ ఆస్పత్రిలో, తెల్లకోటు వేసుకొని, మెడలో సన్నటి సిలువ గొలుసుతో, నవ్వుకుంటూ, అమ్మా, నూనె గిట్ట రాయకు, జిడ్డుంటే కరెంటు సక్కగ పోదు, అని, ఈ కాలికి నూనె రాసేదెవరు బిడ్డా, అనుకుంది తను, వాచిన పిక్క మీద వేలు పెడితే గుంట పడి అలాగే ఉండిపోతుంది, ఛీ, కలిపిన పిండిముద్దలో వేలు దిగినట్టు, వేలిని కొంగుకు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది, ఆ మెత్తదనం వేలినుంచి పోనే లేదు.

అంబదాస్ మంచం అంచున కూర్చొని కాళ్ళు కిందికి వేలాడేశాడు, రెండు చేతులూ మంచం పట్టెకు ఆనించి, నోరు కొంచెం తెరిచి, ఊపిరి లెక్కపెట్టుకుంటున్నట్టు, ఈయనే తన మొగుడు, సిరిసిల్ల గల్లీలో సాంచాలు నడిపిన చేయి, మరమగ్గాలను ఇక్కడ ఎవరూ మరమగ్గాలు అనరు, సాంచాలే, పొద్దున్నించి వాటి మోత ఇంటి గోడలను ఊపుతూనే ఉంటుంది, ఆ మోతలోనే పిల్లలు పుడతారు, ఆ మోతలోనే నిద్రపోతారు, ఆ మోతలో ఏ ఇంట్లో ఏ ఆడది ఏడ్చినా పక్కింటికి వినపడదు, గుండె బలహీనపడ్డదమ్మా, రక్తం సరిగ్గ నూకుతలేదు అన్నాడు పెద్ద డాక్టరు, నడిపిద్దామంటే నాలుగడుగులకే ఆయాసం, నడవకపోతే తొడల కండ కరిగిపోతుంది, కండ పోతే ఉన్న గుండె మీద ఇంకా బరువు, అందుకని నడవలేని మనిషి కాళ్ళకు కరెంటు పెట్టి, కండను బిగించి వదిలి, బిగించి వదిలి, కూర్చున్నచోటే కసరత్తు చేయిస్తారట, నొప్పి ఉండదట, లోపల గుండెకు మిషన్ గిట్ట ఏదీ పెట్టలేదు కాబట్టి భయం లేదట, అది విని ఈయన నన్ను గూడ సాంచను జేసిండ్రు కదా సారూ అన్నాడు, డాక్టరు నవ్వాడు, బ్లెస్సీ నవ్వింది, పక్క మంచం ముసలాయన కూడా నవ్వాడు, బయటివాళ్ళను నవ్వించడంలో ఈయనను మించినవాడు లేడు, తను మాత్రం బ్లెస్సీ చేతిలో ఉన్న ఆ చిన్న డబ్బాను, దానినుంచి వేలాడుతున్న వైర్లను చూస్తూ నిలబడింది, ఇంటికాడ నువ్వే పెట్టాలె అమ్మా అని ఆ డబ్బాను తెచ్చి తన చేతుల్లో పెట్టింది, ఆ కాళ్ళను ముట్టడమే తనకు రోత అని ఆ పిల్లకు ఎట్లా చెబుతుంది.

తొడ మీద పైన ఒకటి, మోకాలికి కాస్త పైన ఒకటి, ప్యాడు అతికించింది, అతుక్కోలేదు, వేళ్ళకు తంబాకు పొడి, పొద్దుటినుంచి బీడీలు చుట్టిన చేతులు, పొడి అంటితే జిగురు చచ్చిపోతుంది, ఇదీ బ్లెస్సీ చెప్పిందే, మొదట్లో రెండు ప్యాడ్లు అట్లాగే పాడుచేసింది తను, లేచి చేతులు కడుక్కొని వచ్చి మళ్ళీ అతికించింది, ఆ తొడ, ఒకప్పుడు ఎట్లా ఉండేది, ఇనుపకడ్డీలా, ఇప్పుడు వేలాడే తోలు, ఆ తోలు కింద ఎముక, చూస్తే జాలి పడాలట, పక్కింటి కొమురెల్లి పెండ్లాం వచ్చినప్పుడల్లా అయ్యో అన్న ఎట్లుండే ఎట్లయిండు అని కండ్లొత్తుకుంటుంది, ఒత్తుకొని తనవైపు తిరిగి నువ్వు సావిత్రివి వదినా అంటుంది, సావిత్రి, ఆ మాట వింటే తనకు ఒళ్ళంతా కంపరం, సావిత్రి మొగుడు సావిత్రిని తన్నాడా, ఎవరైనా అడగండి, పక్కటెముక విరిగి తను దగ్గలేక గోడ పట్టుకొని నిలబడ్డ నెలంతా ఈ వదినే కదా బాయికాడ జారిపడ్డవా అని అడిగింది, ఇంటింటికీ నల్లా వచ్చి ఎన్నేళ్ళయిందో, బాయి ఎక్కడుందే గల్లీలో.

మొదటి తన్ను భీవండిలో, సాంచాల పనికి మహారాష్ట్ర పోయినప్పుడు, పెళ్ళైన కొత్త, ఒక్క గదిలో రెండు కాపురాలు, మధ్యలో చీర అడ్డం, గుడ్డు కూరలో ఉప్పు ఎక్కువైందని, కుడికాలు, ఈ కాలే, ఈ బొటనవేలే ముందు తగిలింది, తరువాత మడమ, చీరకు అవతల ఆ కాపురం ఊపిరి బిగబట్టడం తనకు వినపడింది, పొద్దున్నే లేచి ఈయన పండ్లు తోముకుంటూ ఏమైందే అట్లున్నవ్ అన్నాడు, నిజంగా తెలియనట్టు, నాకేం యాదికి లేదు, తాగిన గదా, అని, ఆ ఒక్క మాట ఈ ఇంట్లో ఎన్నిసార్లు నడిచిందో, తల్లిగారింటికి పోయి కన్న అవ్వ ఒడిలో పడి ఏడిస్తే అవ్వ తల నిమిరి, తాగినోని కాలు వానిది కాదు బిడ్డా, మందుది, మందు తన్నింది గానీ నీ మొగడు కాదు, పొద్దున లేస్తే వానికే ఎరుక ఉండది, అన్నది, అవ్వ పోయి ఎన్నేళ్ళో, మాట మాత్రం పోలేదు, దాన్ని పట్టుకొనే కదా ఇన్నేళ్ళు లాక్కొచ్చింది, మంచోడే, తాగనప్పుడు మంచోడే, నూలు కాలికి తగిలితే వంగి కళ్ళకద్దుకునే మనిషి, ఎంత తాగి వచ్చినా ఇంట్లో సొమ్ము ఆగం చేసే మనిషి కాదు, నా బీడీల చాటకు ఎన్నడన్న కాలు తాకిందా, అడుగుండ్రి, అని తనే నలుగురిలో గొప్పగా చెప్పుకునేది, థూ, ఏమి గొప్ప.

శ్రీహరి ఫోను చేస్తాడు పెద్దపల్లి నుంచి, కొడుకు, రైసు మిల్లులో ఆపరేటరు, అవ్వా బాపు ఎట్లున్నడు, ఎట్లుంటాడు, అట్లనే ఉన్నడు, నాకాడికి తీస్కపోదునే, గీ పండవెట్టి కడుగుడు తుడుసుడు మీ కోడలుతోని అయితదా, బాత్రూంకు తనంత తాను పోయేటట్టయితే సాలు, వచ్చి తీస్కపోత, కోడలుతో కాదు, తనతో అవుతుంది, తన ముక్కుకు వాసన తెలియదు కాబోలు, చిన్నప్పుడు ఈ శ్రీహరి గోడవైపు తిరిగి నిద్ర నటించేవాడు, కనురెప్పలు అదురుతుండేవి, ఇప్పటికీ గోడవైపే తిరిగి ఉన్నాడు, పోనీ పాపం, వాడి మీద కోపం లేదు, ఉన్నదల్లా రోత, అందరి మీదా, ఈ మంచం మీద, ఈ ఉప్పు లేని పప్పు మీద, పొద్దున్నే బరువు చూసే ఆ మిషన్ మీద, రాత్రి పిండి ఆరేసిన ఈయన లుంగీ మీద, దాన్ని పిండిన తన చేతుల మీద.

ఎక్కడ ఉండేది తను ఈపాటికి, ఆదిలాబాద్‌లో, చెల్లె దగ్గర, జిన్నింగ్ మిల్లు వెనక, చెల్లె మిల్లు కూలీలకు వంట చేస్తుంది, పత్తి సీజన్ వస్తే కాలు నిలవదు దానికి, అక్కా ఒక్కదాన్ని చేయలేకపోతున్న, నువ్వొస్తే ఇద్దరం చేసుకుందం, జొన్న రొట్టెలు, గీడ భాకర్లంటరు, నేను నేర్పుత, ఏం ఫికర్ వెట్టుకోకు, నీకో మూల నాకో మూల, ఎవ్వడు మనలను ఏమనడు, ఎవ్వడు మనలను ఏమనడు, ఆ మాట విన్నాకనే కదా పక్కటెముక అతుక్కున్న తరువాత సంచి సర్దింది, రెండు చీరలు, అవ్వ ఫోటో, ఆకు కోసే కత్తెర, ఇంకో రెండు రోజులైతే బస్సు ఎక్కేది, ఈయన షెడ్డులో సాంచ మీదికి కూలబడ్డాడు, నురుగు నురుగు ఊపిరి, ఆటోలో కరీంనగర్, ఐసీయూ బయట బెంచీ, సంచి అట్లాగే దూలానికి వేలాడి వేలాడి, చివరికి తనే దింపి చీరలు మళ్ళీ దండెం మీద వేసింది, మంచాన పడ్డ మొగుణ్ణి విడిచిపోయిన ఆడదాన్ని గల్లీ ఏమంటుంది, అది కూడా కాదు, అవ్వ మాట, మందుది బిడ్డా, వాడు కాదు, వాడు కాకపోతే వాణ్ణి ఎట్లా విడిచిపోతుంది, మందు చేసిన తప్పుకు మనిషికి శిక్ష ఎట్లా వేస్తుంది, అట్లా చిక్కుకుంది.

చిక్కుకొని ఈ కాళ్ళకు ప్రాణం పోస్తోంది, పాముకు పాలు పోసినట్టు, అందుకే డబ్బా ఇంటికి వచ్చిన నాటినుంచి కరెంటు పెంచే బటన్‌ను ఆమె వేలు సరిగ్గా నొక్కలేదు, అట్లా రెండుసార్లు నొక్కి వదిలేసేది, చర్మం చిటపటమనేంత, ఈగ వాలితే బర్రె తోలు వణికినట్టు తొడ వణికేది, అంతే, మోకాలు లేచేది కాదు, పాదం కదిలేది కాదు, తను మంచం పక్కన నేల మీద కూర్చొని చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టుకునేది, ఆయనకేం తెలుసు, కరెంటు పెట్టినవా, పెట్టిన, మంచిగ జివ్వుమంటుందే, ఆ, కానీ ఇవ్వాళ పొద్దున బ్లెస్సీ ఫోను, అమ్మా, కండ గట్టిగ బిగుసుకుంటుందా, మోకాలు లేస్తుందా, లేస్తుంది బిడ్డా, అబద్ధం సర్రున వచ్చేసింది, అవునా, ఎల్లుండి తీస్కరా అమ్మా, నిలబెట్టి చూస్తాం, ఇప్పటికి పట్టుకొని నిలబడాలె అంకుల్, నిలబడకపోతే మాత్రం ఇగ ఇట్లనే ఉంటడు చాన్నాళ్ళు, నువ్వే చూసుకోవాలె, పాపం నువ్వు గింత కష్టపడుతున్నవ్ కదా అమ్మా, ప్రార్థన చేస్త నీ కోసం, ఆ పిల్ల గొంతులో అంత దయ, తనకు తన అబద్ధం మీదే అసహ్యం పుట్టింది, ఇట్లనే ఉంటడు, చాన్నాళ్ళు, నువ్వే చూసుకోవాలె.

అందుకే ఇవ్వాళ, ప్యాడ్లు పెట్టి, చాట మంచం పక్కన కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చొని, మోకాలి పైన ఊడిపోతున్న ప్యాడు ఒక చేత్తో అదిమి పట్టి, రెండో చేత్తో పెంచే బటన్ నొక్కింది, ఎప్పటిలాగే, ఆగింది, మళ్ళీ నొక్కింది, ఇంకా నొక్కింది, కోపంతో నొక్కిందో, అబద్ధం నిజం చేద్దామని నొక్కిందో, తనకే తెలియదు, తొడ మీద తోలు కింద ఏదో లేచి గడ్డకట్టింది, మోకాటిచిప్ప పైకి జరిగింది, ఆ కదలిక తెలుసు తనకు, కాలు గాలిలోకి లేచేముందు తొడలో అట్లాగే ఒక ముడి పడుతుంది, తప్పుకొనేలోపే కాలు విసురుగా ముందుకు తన్నింది, బొటనవేలు ముందు, మడమ తరువాత, రొమ్ము కింద, అతుక్కున్న ఎముక మీద, తన రెండు చేతులూ వాటంతట అవే తలమీదికి పోయాయి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకున్నాయి, కాలు అక్కడితో ఆగలేదు, పక్కకు వాలి, చాట అంచుకు తగిలి, చాట ఎగిరి బోర్లా పడింది, తంబాకు, కోసిన ఆకు, చుట్టిన బీడీలు, దారం ఉండ, నేలంతా.

తలమీద చేతులు తీయలేదు, రెండో తన్ను కోసం ఎదురుచూస్తోంది, ఎప్పుడూ రెండోది ఉంటుంది, రాలేదు, బదులుగా భుజం మీద ఏదో తాకింది, మెత్తగా, తడిగా, చేయి, ఈయన చేయి, కళ్ళు తెరిచి చూస్తే అంబదాస్ ముందుకు వంగి, ఆయాసపడుతూ, ఆమె భుజాన్ని తాకిన వేళ్ళను తన కళ్ళకద్దుకుంటున్నాడు, కుడికన్ను, ఎడమకన్ను, కాలు తగిలితే ఎవరైనా చేసేదే, నూలుకు చేసినట్టు, తాకిందానే, నేను గాదే నర్మదా, నేను గాదు, కరెంటు, సూసినవ్ కదా, కరెంటు తన్నింది, ఆ గొంతులో భయం, నిజమైన భయం, నిజమైన దండం, ఇన్నేళ్ళలో మొదటిసారి, నేను గాదు, అంటే, అంటే ఏమన్నట్టు, ఈయన తను తన్నని తన్నుకు కళ్ళకద్దుకున్నాడు, తను తన్నిన ఏ ఒక్కదానికీ అద్దుకోలేదు, ఏది తనదో ఏది తనది కాదో ఈయనకు తెలుసు.

బోర్లాపడ్డ చాటను చూసింది, చూస్తూనే ఉంది, చాట ఎన్నడు బోర్లాపడింది ఈ ఇంట్లో, ఎన్నడూ లేదు, గుడుంబా తాగి గడప దాటలేక పాకిన రోజున కూడా లేదు, గదంతా అడుగు పెట్టే జాగా లేకుండా తను మధ్యలో, తన ఒడి ముందు చాట, చాటలో కంపెనీకి ఇవ్వాల్సిన బీడీలు, ఆ కాలు ఎట్లా వచ్చేది, చాట చుట్టూ తిరిగి వచ్చేది, పక్కనుంచి, వెనకనుంచి, వీపు మీద, పక్కల మీద, చీర కప్పేచోట, ముఖం మీద ఒక్కనాడు పడలేదు, సాంచాల సేటు ఇంటికి వచ్చిన రోజు కాలు లేవలేదు, ఏమీ తెలియని కాలు అంటే ఇదిగో, ఇట్లా ఉంటుంది, కరెంటుకు చాట తెలియదు, బీడీలు తెలియవు, నర్మద తెలియదు, అడ్డం వచ్చినదాన్నల్లా తన్నేసింది, తెలియని తన్నును ఇవ్వాళ మొదటిసారి చూసింది తను, అవ్వా, ఓ అవ్వా, మందు కాదే, ఒక్కనాడు కూడా మందు కాదు, అన్నీ ఈయనవే, అన్నీ యాదికున్నయి ఈయనకు, పండ్లు తోముకుంటూ అడిగిన రోజున కూడా యాదికున్నయి, ఛీ, ఆ అబద్ధాన్నే కదా తను తాళిలా మెడకు కట్టుకొని తిరిగింది.

ఏందే అట్ల సూస్తున్నవ్, దెబ్బ తాకిందా, తగ్గియ్యే జర, బగ్గ గుంజుతుంది, అంటున్నాడు, డబ్బా మంచం మీద ఆగి ఆగి కాలును లేపుతోంది, దింపుతోంది, నొప్పి పెడుతోందా అని అడిగింది, బ్లెస్సీ అడగమన్నట్టే, తన గొంతు తనకే కొత్తగా ఉంది, నొప్పి లేదు గానీ గుంజుతుంది, అన్నాడు, నొప్పి లేకుంటే గింతే ఉండాలె, తగ్గియ్యను, ఇగో, కరెంటొచ్చినప్పుడు నువ్వు గూడ లేపు, దాని మీద ఏసి కూసోకు, నాతోని లేస్తలేదే నర్మదా, పాణం లేదు దాంట్ల, లేస్తది, ఆ కాలు ఎంతెత్తు లేస్తదో నాకెరుకే, అన్నది, ఆయన చూపు దించుకొని తన మోకాలివైపు చూసుకున్నాడు, ఆ దించుకోవడం కూడా ఆమె చూసింది, దానికి జాలి కలగలేదు, కలగాలని కూడా అనిపించలేదు, నేల మీది బీడీలు ఒక్కొక్కటే ఏరి, పొడి దులిపి, చాటలో వేసుకొని, చాటను కాలు అందని దూరానికి జరుపుకుంది, చాట పక్కన తనూ జరిగి గోడకు ఆనుకొని కూర్చుంది, ఇన్నేళ్ళలో ఇంత దూరం ఎందుకు కూర్చోలేదో.

ఎల్లుండి నిలబడాలి, పట్టుకొని అయినా నిలబడాలి, నిలబడకపోతే ఆవలెల్లుండి, పొద్దుమాపు పెడుతుంది డబ్బా, ఒక్క పూట మానదు, గోర్లు తీస్తుంది, ముక్కు మూసుకొని తుడుస్తుంది, ప్యాడ్లకు పొడి అంటనివ్వదు, గల్లీ సావిత్రి అననీ, బ్లెస్సీ ప్రార్థన చేయనీ, కాలు మళ్ళీ లేచింది, ఈసారి కరెంటు కంటే ఒక వెంట్రుకవాసి ఎక్కువ, ఆయన పళ్ళు బిగించి లేపుతున్నాడు, లేపనీ, మంచం దిగి బాత్రూం దాకా, గడప దాకా, పెద్దపల్లి బస్సు మెట్టు దాకా నడవాలి ఆ కాలు, కొడుకు మాట ఇచ్చాడు కదా, తీసుకుపోనీ, ఈయన కోసం కాదు ఇది, అవ్వ మాట కోసం కాదు, దండెం మీద ఆ రెండు చీరలు ఫ్యాను గాలికి ఊగుతున్నాయి, ఆదిలాబాద్ బస్సు ఎక్కడ ఆగుతుందో నర్మదకు తెలుసు.